కారు కింద ఆ టకటక

కల్వకుర్తి నుంచి ఓ ఉపాధ్యాయుడు ఉత్తరం రాశారు. ఆయనది 2003లో కొన్న మారుతి 800. ఏపీ 22 నంబరు. ఇంజిన్ ఇప్పటికీ తాళం తిప్పగానే అందుకుంటుందట. బాధల్లా కింది నుంచి వచ్చే చప్పుడుతోనే. 'స్పీడు బ్రేకరు ఎక్కినా, గతుకుల్లో నెమ్మదిగా వెళ్లినా ముందు చక్రాల దగ్గర ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటక. ఏడాదిలో రెండుసార్లు బుష్షులు మార్పించాను. మార్చాక మూణ్నెల్లు బాగుంటుంది. తర్వాత మళ్లీ మామూలే. ఇక లాభం లేదు, అమ్మేయండి సార్ అంటున్నాడు మెకానిక్. ఈ బండిలో శ్రీశైలం రానంటోంది మా ఇంటావిడ. ఏం చేయమంటారు?'

చివరి ప్రశ్నకే ముందు జవాబు. దీనికోసం కారు అమ్మకండి. 1983 డిసెంబరులో మొదటి తాళం చేతులు మారిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా దాని బుష్షులు దొరకని ఊరు లేదు. పైగా ఇరవై ఏళ్లు దాటిన కారును అమ్మబోతే చేతికొచ్చేది ఎంతో మీకూ తెలుసు. రిజిస్ట్రేషన్ పొడిగించుకుని మరీ ఉంచుకున్న బండిని నాలుగు రబ్బరు ముక్కల కోసం వదులుకోవడం ఏం న్యాయం?

ఇంటావిడ మాట మాత్రం కొట్టిపారేయకండి. ఆవిడ భయంలో అర్థముంది. ఎందుకో తర్వాత చెబుతాను.

బుష్షు టైరులాగే అరిగే వస్తువు. సరిగ్గా బిగిస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. అది మూణ్నెల్లకే పోతోందంటే తప్పు బుష్షుది కాకపోవచ్చు. బిగించిన తీరుదో, కారు కింద చల్లిన నూనెదో అయి ఉంటుంది. చాలాసార్లు రెండిటిదీ.

కారు కిందికి ఎప్పుడూ తొంగిచూడని వారి కోసం కాస్త వివరం. చక్రం నేరుగా బాడీకి అతుక్కుని ఉండదు. మధ్యలో ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. లోయర్ ఆర్మ్ అంటారు. దాని ఒక కొస చక్రం వైపు, ఇంకో కొస బాడీ వైపు. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా ఈ చెయ్యి భుజం దగ్గర మడతపడినట్టు పైకీ కిందికీ ఆడుతుంది. ఆ భుజం కీలులో ఉండేదే బుష్షు. లోపల చిన్న ఇనుప గొట్టం, దాని చుట్టూ దళసరి రబ్బరు. కొన్నిటికి ఆ రబ్బరు చుట్టూ మరో ఇనుప గొట్టం. లోపలి గొట్టంలోంచి బోల్టు దూరుతుంది.

దీన్ని చూసిన వాళ్లంతా గొట్టంలో బోల్టు తిరుగుతుందనే అనుకుంటారు. తిరగదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బాడీని కరుచుకుంటుంది. బయటి అంచు ఆర్మ్‌ను కరుచుకుని ఉంటుంది. కదలికంతా మధ్యనున్న రబ్బరుదే. ఆర్మ్ లేస్తే రబ్బరు ఇటు మెలితిరుగుతుంది, దిగితే అటు మెలితిరుగుతుంది. తడిబట్ట పిండినట్టన్నమాట. కాకపోతే మెలిక కొంచెమే. జారుడు లేదు, రాపిడి లేదు. కనుక గ్రీజు అక్కర్లేదు.

మన బుర్రల్లో ఉన్నది మాత్రం ఎడ్లబండి. ఇరుసు మీద చక్రం తిరుగుతుంది. ఇనుము ఇనుమును రాస్తుంది. కిర్రుమంటే కందెన పెడతాం. ఆముదంలో మసి కలిపి, గొట్టంలో పోసి బండికి వేలాడదీసుకున్న రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అంబాసిడర్ నడిపిన వాళ్లకూ గ్రీజు గన్ను కొత్తకాదు. చప్పుడొస్తే నూనె అన్న సూత్రం అక్కడ నూటికి నూరుపాళ్లు సరైనది. రబ్బరు దగ్గరకు వచ్చేసరికి అదే తలకిందులవుతుంది.

సస్పెన్షన్ బుష్షుల్లో ఎక్కువగా వాడేది సహజ రబ్బరు. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు గట్టిపడి సాగే గుణం నిలుపుకుంటుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. అప్పటి నుంచే అది యంత్రాల్లో పనికొచ్చే వస్తువైంది. అంత గట్టి రబ్బరుకూ పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిలు గిట్టవు. వాటిని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి గోటితో గిల్లితే ఊడొస్తుంది. నమ్మకం లేకపోతే బెలూన్ ముక్క ఒకటి సీసాలో వేసి కాస్త డీజిలు పోయండి. మర్నాడు చూస్తే ఆ ముక్క ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే మీ కళ్లముందే చేయించండి. పుస్తకంలో చదివిన దానికన్నా బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు మనూళ్ల అలవాటు చూడండి. వానలకు ముందు వాటర్ సర్వీసింగ్ చేయిస్తాం. కడగడం అయ్యాక కుర్రాడు 'సార్, కింద ఆయిల్ కొట్టమంటారా?' అని అడుగుతాడు. కాలిన ఇంజిన్ ఆయిల్లో డీజిలు కలిపి గన్నుతో కారు కిందంతా చల్లుతాడు. తుప్పు పట్టదని. తుప్పు విషయం నిజమే. కానీ ఆ నూనె రేకును కాపాడుతూనే ప్రతి బుష్షు మీదా కూర్చుంటుంది. సర్వీసింగ్ నుంచి బయటికొస్తుంటే కిర్రుకిర్రు పోయి, కారు కొత్తదైనట్టు హాయిగా ఉంటుంది. ఆ హాయి నెలరోజులు. తుప్పు భయమైతే రేకుకు అండర్ కోటింగ్ వేయించండి. బుష్షుల మీద పడకుండా చూడమనండి. ఇంజిన్ నుంచి ఆయిలు కారుతున్నా ముందు దాన్ని ఆపించాలి. ఆ చుక్కలు గాలికి వెనక్కి కొట్టుకొచ్చి పడేది ఈ రబ్బరు మీదే.

ఇక్కడో తమాషా ఉంది. నూనెలన్నీ రబ్బరుకు శత్రువులు కావు. ఆముదానికి దానితో పేచీ లేదు. ఒకప్పుడు బ్రేక్ ఆయిలును ఆముదంతో చేసింది రబ్బరు వాషర్లు చెడవనే. రబ్బరు భాగాలకు వాడే ఎర్రగ్రీజు కూడా ఆముదం వంశానిదే. క్యాస్ట్రాల్ అన్న పేరు పుట్టిందీ ఆముదానికి ఇంగ్లిషులో ఉన్న పేరు నుంచే. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో తరాలుగా ఆముదాలు పండించిన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు! అలాగని బుష్షులకు ఆముదం పట్టించమని కాదు. కొత్త బుష్షు దూరనని మొరాయిస్తే సబ్బునీళ్లు రాయాలి. దూరాక ఆ తడి ఆరిపోయి రబ్బరు పట్టు ఇస్తుంది. డీజిలు మాత్రం పొరపాటున కూడా వద్దు.

జాకీ మీద జరిగే తప్పు

నూనె కన్నా పెద్ద కారణం ఇంకోటుంది. మాస్టారి బుష్షులు ఏడాదిలో రెండుసార్లు పోవడానికి ఇదే మూలమని నా అనుమానం.

షెడ్డులో ఏం జరుగుతుందంటే, కారును జాకీ మీద లేపుతారు. చక్రం విప్పుతారు. బరువు లేక ఆర్మ్ కిందికి వేలాడుతుంది. పాత బుష్షు కొట్టి తీస్తారు, కొత్తది ఎక్కిస్తారు, బోల్టు పెట్టి అదే వేలాడే స్థితిలో బలంకొద్దీ బిగిస్తారు. పని అయిపోయింది. చక్రం వేసి జాకీ దించుతారు.

దించగానే బరువు పడి ఆర్మ్ పైకి లేస్తుంది. లోపలి గొట్టం మాత్రం వేలాడినప్పుడు ఎలా కరుచుకుందో అలాగే ఉండిపోయింది. అంటే కారు అంగుళం కదలకముందే రబ్బరు ఒకవైపుకు మెలిపడింది. ఇంటి ముందు నిలబెట్టినా మెలికే, రాత్రంతా మెలికే. ఇక గుంతలో పడ్డప్పుడల్లా ఉన్న మెలికకు మరో మెలిక. ఎంత మంచి కంపెనీ రబ్బరైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? అంచున సన్నటి చిరుగు మొదలై లోపలికి పాకుతుంది. ఆ తర్వాత ఇనుము ఇనుమును తాకుతుంది. అదే మీ టకటక.

మరి ఎలా బిగించాలి? కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉంటుందో ఆ కోణంలోనే చివరి బిగువు పడాలి. ఏ కారు రిపేరు పుస్తకం తిరగేసినా ఈ మాట ఉంటుంది. చాలా షెడ్లలో మాత్రం ఉండదు. అందుకు మెకానిక్కును తిట్టిపోయడం నాకిష్టం లేదు. వేపచెట్టు నీడ, ఒక జాకీ, పానాల పెట్టె. చిన్న ఊళ్లలో చాలాచోట్ల అదే వర్క్‌షాపు. లిఫ్టు ఉండదు, కిందికి దిగి పనిచేసే గుంత ఉండదు. జాకీ దించితే కారు కిందికి చెయ్యి దూరదు. పైగా వాళ్ల ఉస్తాదు అలాగే నేర్పాడు.

దీనికో టేపు కిటుకు ఉంది. పని మొదలుపెట్టక ముందు కారును చదునైన చోట నిలబెట్టి, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు ఎంత దూరముందో కొలిచి రాసుకోండి. రెండు వైపులా కొలవండి. తర్వాత జాకీ ఎత్తి, బాడీ కింద స్టాండ్లు పెట్టి, బుష్షు మార్చాక బోల్టును వదులుగానే ఉంచమనండి. రెండో జాకీని ఆర్మ్ బయటి కొస కింద పెట్టి నెమ్మదిగా లేపితే చక్రం కట్టే హబ్బు పైకొస్తుంది. ముందు రాసుకున్న కొలత వచ్చేదాకా లేపాలి. అప్పుడు బిగించాలి. అంతే! అదనంగా పట్టేది పావుగంట.

ఇంకో దారి, అదే సర్వీసింగ్ సెంటరులోని సిమెంటు ర్యాంపు. అక్కడ కారు నాలుగు చక్రాల మీదే నిలబడుతుంది, కిందికి మనిషి దూరగలడు. ర్యాంపు యజమాని ఒప్పుకుంటే పనంతా అక్కడే పెట్టుకోవచ్చు. బోల్టులు వదులుగా ఉంచి రోడ్డు మీద నడుపుకొని అక్కడిదాకా వెళ్లడం మాత్రం వద్దు.

స్టాండ్లు అన్నాను కదా. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవర్నీ వెళ్లనివ్వకండి. ఇటుకలూ వద్దు. బరువుకు ఒక్కసారిగా పిండి అవుతాయి. ఇది బుష్షు ఆయుష్షుకు కాదు, మనిషి ఆయుష్షుకు సంబంధించింది.

ఒకే కడ్డీ, రెండు ఉద్యోగాలు

ఇంటావిడ భయం దగ్గరికి వద్దాం.

మారుతి 800 ముందు భాగంలో ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్ అనే అమరిక. అమెరికా ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించాడు. 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డ్ కాన్సల్ కారుతో బాగా వాడుకలోకి వచ్చింది. భాగాలు తక్కువ, ఖర్చు తక్కువ. అందుకే చిన్నకార్లన్నీ దీన్ని పట్టుకున్నాయి. ఆ పొదుపులో భాగంగానే 800లో ఒక కడ్డీకి రెండు ఉద్యోగాలు ఇచ్చారు. స్టెబిలైజర్ బార్ అసలు పని మలుపుల్లో కారు ఒరగకుండా పట్టుకోవడం. 800లో అదే కడ్డీ లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరగకుండా కూడా పట్టుకుంటుంది. పెద్దకార్లలో ఈ రెండో పనికి ఆర్మే వెడల్పుగా, రెండు కాళ్లతో ఉంటుంది. ఇక్కడ ఆ కాలు స్టెబిలైజర్ బారే.

ఆ కడ్డీ కొసన ఉన్న బుష్షు అరిగితే ఏమవుతుందో ఊహించండి. బ్రేకు తొక్కగానే చక్రం వెనక్కి జరుగుతుంది. రెండు వైపులా సమానంగా అరిగి ఉండవు కాబట్టి ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ జరుగుతుంది. కారు ఒక పక్కకు లాగుతుంది. ఊళ్లో ముప్ఫై వేగంలో ఇది తెలియదు. కొట్ర దగ్గర శ్రీశైలం రోడ్డెక్కి, డిండి, మన్ననూరు దాటి, నల్లమల గుండా దోమలపెంట నుంచి ఆనకట్ట వైపు ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. ప్రతి మలుపులో బ్రేకు. అక్కడ స్టీరింగ్ ఒక పక్కకు గుంజడం ఎవరికీ మంచిది కాదు. కనుక ఈ పని అయ్యేదాకా ఆవిడ మాటే నెగ్గనివ్వండి.

చప్పుడు ఏ భాగానిదో ఇంటి దగ్గరే కొంత తేల్చుకోవచ్చు. ఖాళీ స్థలంలో నెమ్మదిగా ముందుకు వెళ్తూ బ్రేకు కొట్టండి, వెంటనే రివర్సులో వెళ్తూ బ్రేకు కొట్టండి. రెండుసార్లూ ఒక్కో 'టక్' వినిపిస్తే స్టెబిలైజర్ బుష్షులనే ముందు అనుమానించాలి. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే కారు రెండు మూడు ఊపులు ఊగుతోందా? అది షాక్ అబ్జార్బర్ల సంగతి. నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే పైన స్ప్రింగు దగ్గర కటకటమంటే స్ట్రట్ మౌంటింగ్ చూడాలి. ముందు టైరు ఒక అంచే అరిగిపోతుంటే బుష్షు, అలైన్‌మెంట్ రెండూ చూడాల్సిందే. చివరగా లివర్ రాడ్డు పెట్టి ఆర్మ్‌ను బాడీ దగ్గర అటూ ఇటూ నొక్కి చూడమనండి. రబ్బరు కాస్త ఇవ్వడం సహజం. ఇనుము ఆడుతూ కనిపిస్తే, రబ్బరు పగిలి కనిపిస్తే ఇక మార్చాల్సిందే. అదే ఊపులో బాల్ జాయింట్‌నూ చూడాలి. బుష్షు పోతే చప్పుడు చేస్తుంది. బాల్ జాయింట్ ఊడితే చక్రం కిందికి కూలబడుతుంది. అందులో ఆట కనిపిస్తే దూరప్రయాణం వాయిదా వేయండి.

మన రోడ్ల వంతు కూడా చెప్పుకోవాలి. శ్రీశైలం జలాశయం నీళ్లు ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు లిఫ్టులెక్కి కల్వకుర్తి ఎత్తిపోతలగా మెట్టభూముల్లోకి వచ్చాక వరి పెరిగింది. సంతోషమే. వరితోపాటు ట్రాక్టర్లకు కేజ్ వీల్సూ వచ్చాయి. పొలంలో దమ్ము చేయడానికి బిగించిన ఆ ఇనుప చక్రాలతోనే తారురోడ్డు ఎక్కడం తప్పని అధికారులు ఎన్నిసార్లు చెప్పినా, నాట్ల కాలం వచ్చిందంటే రోడ్డు మీద అడ్డగీతలే. పెద్దగుంత కనిపిస్తే మనం వేగం తగ్గిస్తాం. ఈ గీతల మీద తగ్గించం. సన్నటి కుదుపులు వందల కొద్దీ బుష్షుల మీద పడుతుంటాయి. ఇక పైపుల కోసం అడ్డంగా తవ్వి మట్టితో పూడ్చిన కాలువలు, రోడ్డుమీద ధాన్యం ఆరబోసి చుట్టూ పేర్చిన రాళ్లు... ఆ సంగతులు కల్వకుర్తి వాళ్లకు నేను చెప్పాలా!

సామాను కొనేటప్పుడు ఒక్క వైపుకే కొనకండి. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగింది ఉంటే కారు లాగడం తగ్గదు. రబ్బరు డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి. గోరు గుచ్చితే వెంటనే గుంట పూడాలి, మడిచిచూస్తే పగుళ్లు కనిపించకూడదు. వీలైతే బుష్షు, బాల్ జాయింట్ కలిపి వచ్చే మొత్తం ఆర్మే కొనండి. ఖర్చు కాస్త ఎక్కువే. కానీ బుష్షును సుత్తితో కొట్టి ఎక్కించే అవస్థ తప్పుతుంది. సుత్తి దెబ్బకు కొత్త బుష్షు పుట్టుకతోనే వంకరపోవడం మామూలే. విడిగా కొంటే లేత్ షాపులో ప్రెస్ మీద ఎక్కించమనండి.

లేత్ షాపు అనగానే ఒక సలహా కూడా వినిపిస్తుంది. 'రబ్బరెందుకు సార్, నైలాన్ బుష్షు తిప్పిస్తా, జన్మలో పోదు' అని. పోదు, నిజమే. నైలాన్ మెలితిరగదు. ప్రతి కుదుపునూ నేరుగా బాడీకి అందిస్తుంది. రబ్బరు అరగాల్సింది పోయి, ఆర్మ్‌ను పట్టుకునే రేకు అరుగుతుంది, పగులుతుంది. ఇరవై ఏళ్ల రేకు మీద ఆ ప్రయోగం వద్దు. పాత టైరు కోసి బుష్షులా చెక్కి పెట్టడం కూడా చూశాను. అడవిలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేర్చే ఉపాయమది. దాంతో నెలలు తిరిగేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ధైర్యానికి నమస్కారం.

అంబాసిడర్, పద్మిని ఉంచుకున్న వాళ్లకు ఒక మాట. రెండు కార్లకూ వెనక కమాన్ కట్టలే. వాటి కొసల్లో ఉండే రబ్బరు బుష్షులకూ ఇదే లెక్క. కారు బరువు కమాన్ల మీద పడ్డాకే చివరి బిగువు. గ్రీజు నిపిల్ ఉన్నచోట గ్రీజు కొట్టండి, రబ్బరు ఉన్నచోట గన్ను దూరంగా పెట్టండి.

బుష్షులు మారాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. చక్రం నిలబడే చోటే కొద్దిగా మారి ఉంటుంది. పాత కొలతలతో తిరిగితే కొత్త టైర్లు బలవుతాయి. స్టెబిలైజర్ కొసన ఉన్న నట్టుకు కాటర్ పిన్ను వేశారో లేదో మీరే వంగి చూడండి. పాత పిన్నునే మళ్లీ వంచి పెట్టడం వద్దు, కొత్తది రూపాయల్లో దొరుకుతుంది. అయిదారొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బోల్టుల బిగువు చూపించండి. అప్పుడు కూడా జాకీ లేపకుండానే.

అవన్నీ అయ్యాక ముందు డిండి దాకా ఒక్కరే వెళ్లి రండి మాస్టారూ. తిన్నటి రోడ్డు మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుని బ్రేకు వేసి చూడండి. కారు ఏ పక్కకూ పోకుండా ఆగితే ఆ ఆదివారం శ్రీశైలం బయల్దేరవచ్చు. తిరుగు ప్రయాణం పగలే పెట్టుకోండి. పులుల అభయారణ్యం కావడంతో మన్ననూరు వైపు అటవీ మార్గంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లను వదలరు.